ఆ నాలుగు అణువులు నిజంగా కలిశాయా?

ఆమె రసాయన శాస్త్ర పరిశోధకురాలు. కొవ్వు పొరలోకి చొరబడి అయాన్లకు దారి తెరిచే అణువుల్ని తయారు చేయడం ఆమె పని. ఆయన ఆమె మేనమామ. అలాంటి పొరల గుండా పారే అతి సన్నటి కరెంటును కొలవడంలోనే ఉద్యోగకాలమంతా గడిపి రిటైరైన భౌతికశాస్త్ర ఆచార్యుడు. హైదరాబాద్ హబ్సిగూడలోని ఆయన ఇంటికి ఆమె ఎప్పుడు వెళ్లినా మాట ఒక్క చోటికే చేరుతుంది. కృత్రిమ అయాన్ చానెళ్లలో అణువులు ఒకదానికొకటి సహకరించుకుంటాయని పరిశోధన పత్రాల్లో రాస్తున్నారు కదా, ఆ మాటకు ఆధారం ఎంత గట్టిది?

సహకారం నిజం, దాన్ని కొలవవచ్చు, ముందే అనుకుని తయారు చేయవచ్చు కూడా అంటుంది మేనకోడలు. కొలిచే పద్ధతి వల్ల వచ్చిన వంపునీ, పొర చేసిన పనినీ తీసుకెళ్లి అణువుల ఖాతాలో జమ వేస్తున్నారంటాడు మామయ్య. ఇద్దరూ ఆషామాషీగా మాట్లాడే మనుషులు కారు. వారి వాదం వింటే ఈ చిన్న రంగం ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తడబడుతోందో తెలుస్తుంది.

ముందు పొర సంగతి. కణం చుట్టూ ఉండే లిపిడ్ పొర మందం దాదాపు 5 నానోమీటర్లు. నూనె లాంటి తోకలతో నిండిన నడిమి భాగమే సుమారు 3 నానోమీటర్లు. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 80 దగ్గర ఉంటే, ఆ నడిమి భాగానిది 2 దగ్గర. నీళ్లలో హాయిగా తిరిగే సోడియం, పొటాషియం అయాన్లను ఈ తేడాయే గుమ్మం దగ్గర ఆపేస్తుంది. ఆ అడ్డు ఎంత ఎత్తో 1969లో ఏడ్రియన్ పార్సీజియన్ లెక్కగట్టారు. దాన్ని దాటించడానికి ప్రకృతి పెద్ద పెద్ద ప్రోటీన్లను తయారు చేసుకుంది. నరం కబురు పంపినా, గుండె కొట్టుకున్నా, మూత్రపిండం ఉప్పును వెనక్కి తీసుకున్నా ఆ ప్రోటీన్ చానెళ్ల చలవే. ఆ పనిని చిన్న అణువులతో చేయించాలని రసాయనవేత్తలు 1980ల నుంచి పట్టుబట్టి కూర్చున్నారు. 1982లో క్యోటోలో ఇవావో తబుషి సైక్లోడెక్స్‌ట్రిన్ అణువుకు పొడవాటి తోకలు తగిలించి పొరలోకి పంపారు. అక్కడి నుంచి కథ మొదలైంది.

"మామయ్యా, మేం తయారు చేసే అణువుల్లో చాలా వాటికి ఒంటరిగా పొరను దాటే పొడవు ఉండదు, లేదా మధ్యలో రంధ్రం ఉండదు. నాలుగైదు చేరితేనే దారి ఏర్పడుతుంది. అందుకే మందు, అంటే ఆ అణువుల, గాఢత రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపుతో ఆగదు. గాఢత పెరిగేకొద్దీ ఫలితం ఎంత నిటారుగా పెరుగుతుందో చూపే హిల్ గ్రాఫు గీస్తే వాలు 4 వచ్చిందనుకోండి, తక్కువ గాఢతల దగ్గర రెట్టింపు మందుకు పదహారు రెట్లు ఫలితం. పల్లకీకి నలుగురు బోయీలు కావాలి. ముగ్గురే వస్తే ముప్పాతిక పల్లకీ లేవదు, అసలు లేవదు."

"పల్లకీ లేవడం చూశావు సరే, కింద నలుగురే ఉన్నారని ఎలా లెక్కపెట్టావు? ఆరుగురు ఉండవచ్చు. ఇద్దరు మోస్తుంటే మిగతావాళ్లు ఊరికే చెయ్యి వేసి నడుస్తుండవచ్చు. హిల్ అంకె బోయీల సంఖ్య కాదమ్మా."

ఆయన ఈ మాట ఊరికే అనలేదు. ఆర్చిబాల్డ్ వివియన్ హిల్ 1910లో ఆ సమీకరణం రాసింది హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే తీరును ఒక గీతలో ఇమిడ్చి చెప్పడానికి. హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ పట్టే చోట్లు నాలుగని 1925లో అడైర్ తేల్చారు. హిల్ వాలు మాత్రం 2.8 దగ్గరే ఉంటుంది. సహకారానికి పాఠ్యపుస్తకాలన్నీ చూపించే ఉదాహరణలోనే అంకెకూ, అసలు సంఖ్యకూ పొత్తు కుదరలేదు. కలవాల్సిన వాటి సంఖ్య ఇంతకంటే తక్కువ కాదు అని మాత్రమే ఆ వాలు చెబుతుంది. అదీ మిగతా షరతులన్నీ సరిపోతేనే.

మేనకోడలికి ఇది తెలియనిది కాదు. ఆమె వెంటనే గ్రామిసిడిన్‌ను ముందుకు తెచ్చింది.

గ్రామిసిడిన్ ఈ రంగానికి పెద్ద బాలశిక్ష లాంటిది. 1939లో రెనే డ్యూబో మట్టి బ్యాక్టీరియా నుంచి రాబట్టిన యాంటీబయాటిక్‌లో ఉన్న పెప్టైడ్ అది. పదిహేను ఎమైనో ఆమ్లాల గొలుసు, పొర మందంలో సగం పొడవుండే మెలిక. పొర ఈ వైపు నుంచి ఒకటి, ఆ వైపు నుంచి ఒకటి వచ్చి మధ్యలో తల కలిపితే గొట్టం పూర్తవుతుంది, విడిపోతే మూతపడుతుంది. 1970లో హ్లాడ్కీ, హేడన్ ఆ తెరుచుకోవడాన్నీ మూసుకోవడాన్నీ ఒక్కొక్కటిగా కరెంటు మెట్ల రూపంలో చూశారు. ఒకే ఒక అణు జంట చేసే పనిని మనిషి కళ్లారా చూడగలిగిన తొలి సందర్భాల్లో అదొకటి.

"1975లో వీచ్, స్ట్రయర్ బృందం ఏం చేసిందో మీరే నాకు చెప్పారు మామయ్యా. గ్రామిసిడిన్‌కు వెలుగునిచ్చే రంగు అణువును కట్టి, పొరలో ఎంత ఉందో వెలుగుతో కొలిచారు. అదే క్షణంలో కరెంటూ కొలిచారు. పొరలో ఉన్న మొత్తానికి వర్గంగా కరెంటు పెరిగింది. వాలు 2, అణువులు 2. మరి అంకె అబద్ధమాడిందా?"

"లేదు. అయితే ఆ ప్రయోగంలో వాళ్లు పొరలో నిజంగా ఎంత ఉందో కొలిచారు, నీళ్లలో ఎంత పోశారో కాదు. మీ పత్రాల్లో అడ్డగీత మీద ఉండేది పోసిన మందు. పోసినదంతా పొరలోకి వెళుతుందా? నీళ్లలోనే ఉండలు కడుతుందా? గాజు గోడకు అంటుకుంటుందా? ఇవి తేల్చకుండా వాలును అణువులకు ముడిపెట్టకు. ఇంకో మాట. అదే గ్రామిసిడిన్ రెండు అణువులను తలల దగ్గర రసాయన బంధంతో శాశ్వతంగా అతికిస్తే ఏమైంది? కరెంటు గాఢతకు నేరుగా అనుపాతంలో పెరిగింది, అంటే వాలు 1. గొట్టం అదే, దాటే అయాన్లూ అవే."

మామయ్య తన వాదానికి బలం అనుకుని చెప్పిన ఈ సంగతే మేనకోడలికి అందివచ్చింది. జెనీవాలో స్టెఫాన్ మతీల్ బృందం 2000ల మధ్యలో గట్టిగా చెప్పిన విషయం సరిగ్గా ఇదే. పొరలో ఎక్కువ అణువులు విడివిడిగా తిరుగుతూ, కలిసిన గుంపులు అరుదుగా ఉన్నప్పుడే హిల్ వాలు 1 కంటే పైకి లేస్తుంది. అణువులు గట్టిగా కలిసిపోయి, విడి అణువులు మిగలనప్పుడు వాలు 1కి పడిపోతుంది. దృఢమైన కడ్డీ లాంటి అణువుల్ని జతచేసి పీపా ఆకారపు రంధ్రాలు కట్టిన ఆ బృందానికి ఇది స్వానుభవం. కాబట్టి వాలు 1 వచ్చిందని "ఒంటరి అణువు" అని రాసేయడం తప్పు. అన్నిటికంటే గట్టిగా కలిసినవి ఆ పరీక్షలో ఒంటరివాటిలా కనిపిస్తాయి.

"అంటే 4 వచ్చినా కలిశాయంటావు, 1 వచ్చినా కలిశాయంటావు. ఏ అంకె వస్తే కలవలేదని ఒప్పుకుంటావు?"

మొత్తం సంవాదంలో అందరికంటే ముందు విద్యార్థులు వినాల్సిన ప్రశ్న ఇది. ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని వాదనను పరీక్షించడానికి దారి ఉండదు. మేనకోడలు కాసేపు ఆలోచించి నిజాయితీగా బదులిచ్చింది. "ఒక్క అంకెతో ఒప్పుకోను, ఒక్క అంకెతో కొట్టిపారేయను. వాలు 4 ఉంటే అది పాక్షిక సాక్ష్యం. 1 ఉంటే సాక్ష్యమే లేదు. దానికి వేరే కొలత కావాలి."

ఇక్కడ మామయ్య తన అసలు అభ్యంతరం బయటపెట్టాడు. దాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ రంగంలో ఎక్కువగా వాడే పరీక్ష మీదే ఆ అభ్యంతరం.

పరీక్ష ఇలా ఉంటుంది. లిపిడ్‌ను క్లోరోఫామ్‌లో కరిగించి గుండ్రటి ఫ్లాస్కు గోడలకు పలుచని పొరలా ఆరబెడతారు. దాంట్లో హెచ్‌పీటీఎస్ అనే రంగు కలిపిన ఉప్పునీళ్లు పోసి కదిలిస్తారు. పొర లేచి బుడగలవుతుంది. ఆ బుడగల్ని సన్న రంధ్రాల పాలికార్బొనేట్ వడపోత గుండా పదేపదే నెడితే అన్నీ దాదాపు 100 నానోమీటర్ల వ్యాసానికి వస్తాయి. ఇవే లైపోజోమ్‌లు. బయట మిగిలిన రంగును తీసేస్తారు. తర్వాత బయటి నీళ్లలో కొంచెం క్షారం కలిపి లోపలికీ బయటికీ పీహెచ్ తేడా పెడతారు. పరీక్షించే అణువును చుక్కగా వేస్తారు. దారి తెరుచుకుంటే లోపలి పీహెచ్ మారి రంగు వెలుగు పెరుగుతుంది. చివర్లో ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ పోసి బుడగలన్నీ పగలగొట్టి, ఆ వెలుగును నూటికి నూరుగా లెక్కిస్తారు. కాసేపట్లో ఒక గీత, ఒక సాయంత్రంలో పది గాఢతలు, రాత్రికి హిల్ వాలు చేతికొస్తాయి.

"ఒక్క బుడగలో ఎన్ని అయాన్లు ఉంటాయో ఎప్పుడైనా లెక్కవేశావా? 100 నానోమీటర్ల బుడగ, లోపల లీటరుకు 100 మిల్లీమోల్ ఉప్పు. పొర మందం తీసేసి లెక్కగడితే పొటాషియం అయాన్లు దాదాపు పాతిక వేలు. గ్రామిసిడిన్ లాంటి మంచి చానెల్ సెకనుకు కోటి అయాన్లను దాటిస్తుంది. పాతిక వేలు దాటించడానికి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. దాటే కొద్దీ తోసే బలం తగ్గుతుందనుకో, ఆవేశాల లెక్క సరిపోవాలనుకో, అప్పటికీ సెకను లోపు వ్యవహారమే. మరి మీ గీత నిమిషాల తరబడి మెల్లగా ఎక్కుతుందే, అది దేని వేగం?"

"చానెల్ ఏర్పడే వేగం. అయాన్లు దాటే వేగం కాదు."

"అంతే. ఒక బుడగకు ఒక్క రంధ్రం, రెప్పపాటు తెరుచుకున్నా చాలు, ఆ బుడగ పని అయిపోయినట్టే. అంటే నువ్వు కొలుస్తున్నది ఎన్ని బుడగలు ఖాళీ అయ్యాయన్న జనాభా లెక్క. అందులో మందు అణువులు బుడగల మధ్య ఎలా పంచుకున్నాయన్నది కలుస్తుంది, పొరలోకి ఎంత త్వరగా దిగాయన్నది కలుస్తుంది, కొన్ని బుడగలు ఊరికే చిరిగిపోవడం కూడా కలుస్తుంది. డిటర్జెంట్ కూడా ఒక గాఢత దాటగానే ఒక్కసారిగా పొరను చింపుతుంది. దానికీ నిటారు గీతే వస్తుంది, పెద్ద వాలే వస్తుంది. మరి ట్రైటాన్‌ను సహకార చానెల్ అందామా?"

ఈ అభ్యంతరానికి తిరుగులేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. లైపోజోమ్ పరీక్ష చవక, వేగం, ఏ విశ్వవిద్యాలయంలోనైనా చేయదగినది. మన రాష్ట్రాల్లో కొత్తగా ఈ పని మొదలుపెట్టే ఏ బృందానికైనా మొదటి మెట్టు అదే కావాలి. కానీ అది మొదటి మెట్టే.

మేనకోడలు ఆ మెట్టు మీద ఆగలేదు. "సరే మామయ్యా, బుడగలు వదిలేద్దాం. మీ పద్ధతిలోనే చూద్దాం." మామయ్య పద్ధతి 1962లో మ్యూలర్, రూడిన్ బృందం కనిపెట్టినది. రెండు గదుల మధ్య ప్లాస్టిక్ గోడకు చిన్న చిల్లు పెట్టి, ఆ చిల్లుకు అడ్డంగా లిపిడ్ పొర సాగదీస్తారు. ఇరువైపులా ఎలక్ట్రోడ్లు పెట్టి ఒక్కొక్క చానెల్ కరెంటును చూస్తారు. ఆ కరెంటు పికో ఆంపియర్లలో ఉంటుంది. ఒక పికో ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 62 లక్షల అయాన్లు.

అలా చూసినప్పుడు అన్నిటికంటే గొప్పగా మాట్లాడేది అలమెథిసిన్. ట్రైకోడెర్మా అనే బూజు తయారుచేసే ఇరవై అవశేషాల పెప్టైడ్ ఇది. 1968లో మ్యూలర్, రూడిన్ దీన్ని కృత్రిమ పొరలో వేసి, తగిన షరతుల్లో నరంలో కనిపించే లాంటి విద్యుత్ స్పందనను పుట్టించారు. నరంలోని ప్రోటీన్ చానెళ్లు ఏవీ లేకుండానే! బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పద్మనాభన్ బలరామ్, ఆయనతో కలిసి పనిచేసిన ఆర్. నాగరాజ్ దీని నిర్మాణం మీద చేసిన కృషిని సమీక్షిస్తూ 1981లో రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగినది. నాగరాజ్ తర్వాత హైదరాబాద్ సీసీఎంబీలో పెప్టైడ్ల మీద దీర్ఘకాలం పనిచేశారు. అదే సంస్థలో అమితాభ ఛటోపాధ్యాయ గ్రామిసిడిన్‌లోని ట్రిప్టోఫాన్ వెలుగును పట్టుకుని పొర లోపలి సంగతులు రాబట్టారు. ఈ వాదం జరుగుతున్న ఇంటికి ఆ ప్రయోగశాల ఎంతో దూరం లేదు.

"అలమెథిసిన్ మెట్లు చూడండి. విడివిడి చానెళ్లు ఎవరికి వారు తెరుచుకుంటే మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి తెరిస్తే ఇంత, రెండు తెరిస్తే దానికి రెట్టింపు. ఏ మెట్టు దగ్గర ఎంతసేపు నిలుస్తుందో కూడా బొమ్మాబొరుసు లెక్కకు లోబడాలి. అలమెథిసిన్‌లో అలా కాదు. మెట్టు మెట్టుకూ ఎత్తు మారుతుంది, కరెంటు ఎప్పుడూ పక్క మెట్టుకే కదులుతుంది, మధ్య మెట్టు దాటేయదు. 1972లో గోర్డన్, హేడన్ దగ్గర నుంచీ ఇదే చూశారు. అంటే ఒకే గుంపు ఒక్కో పెప్టైడ్‌ను చేర్చుకుంటూ పెరుగుతోంది, వదులుతూ తరుగుతోంది. ఇది జనాభా లెక్క కాదు, పంపిణీ లెక్క కాదు. కళ్ల ముందు జరుగుతున్న సహకారం."

మామయ్య కాదనలేదు. అయితే మెట్లు కనిపించిన ప్రతిచోటా చానెల్ ఉందనుకోవద్దని 1980 నాటి ఒక ఫలితాన్ని గుర్తుచేశాడు. అంతోనోవ్, ఆయన సహచరులు ఏ పెప్టైడూ, ఏ మందూ లేని ఉత్త లిపిడ్ పొరను అది కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఉంచితే, అచ్చం చానెల్ లాంటి కరెంటు మెట్లే కనిపించాయి. డీపీపీసీ అనే మామూలు లిపిడ్ 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టి దశ నుంచి మెత్తని దశకు మారుతుంది. ఆ సంధిలో పొర తనంతట తానే చిల్లులు పడుతుంది.

"అందుకేగా మేం డైఫైటనాయిల్ లిపిడ్ వాడతాం. దానికి మైనస్ 120 నుంచి 120 డిగ్రీల దాకా ఆ మార్పే లేదు. మందు లేకుండా ముందు గంటసేపు గీత చదునుగా ఉందని చూపించి, తర్వాతే మందు వేస్తాం."

"నువ్వు చేస్తావు. అందరూ చేస్తున్నారా?"

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే సరైన జవాబు.

వాదం మలుపు తిరిగింది దీని తర్వాతే. మామయ్య దగ్గర రెండు ప్రయోగాలున్నాయి, రెండూ అలమెథిసిన్ మీదే, అంటే మేనకోడలి సొంత సాక్షి మీదే. మొదటిది 1993 నాటిది. సారా కెల్లర్, సెర్గీ బెజ్రుకోవ్ తదితరులు పొరలో డీఓపీసీ అనే లిపిడ్ బదులు, వంగిపోయే స్వభావమున్న డీఓపీఈని కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. పెప్టైడ్ మారలేదు. అయినా గుంపు పెద్ద మెట్ల దగ్గర ఎక్కువసేపు నిలవడం మొదలుపెట్టింది. రెండోది హ్యూయ్ హువాంగ్ బృందం న్యూట్రాన్ కిరణాలతో చేసినది, 1996లో వెలువడింది. డీఎల్‌పీసీ అనే లిపిడ్‌తో చేసిన పలుచటి పొరలో అలమెథిసిన్ రంధ్రం లోపలి వ్యాసం దాదాపు 1.8 నానోమీటర్లు, చుట్టూ పెప్టైడ్లు ఎనిమిది నుంచి తొమ్మిది. డైఫైటనాయిల్ పొరలో అదే పెప్టైడ్ రంధ్రం 2.6 నానోమీటర్లు, పెప్టైడ్లు పదకొండు.

"ఎనిమిది తొమ్మిది మంది కలవాలా, పదకొండు మంది కలవాలా అని తేల్చింది ఎవరు? పెప్టైడా?"

"పొర."

"మరి మీ పత్రం శీర్షికలో పొర పేరు ఎందుకుండదు?"

ఇక్కడ ఈ వ్యాసకర్త మామయ్య పక్షమే. పొరను మనం చాలాకాలం వేదికగా చూశాం, అణువులే నటులన్నట్టు. కానీ గ్రామిసిడిన్ గొట్టం పొడవు పొర నడిమి భాగం కంటే తక్కువ. ఆ గొట్టం నిలవాలంటే పొర రెండు వైపులా లోపలికి నొక్కుకోవాలి. మందపాటి పొరలో ఆ నొక్కుకు ఎక్కువ ఖర్చు, అందుకే అక్కడ గ్రామిసిడిన్ జంట త్వరగా విడిపోతుంది. రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటే ఆ నొక్కును పంచుకుంటాయి, కనుక ఒకటి తెరిచి ఉంటే రెండోదానికి తెరుచుకోవడం సులువు. రెండింటి మధ్య ఏ బంధమూ లేదు, ఒకదాన్నొకటి తాకను కూడా తాకలేదు. మధ్యవర్తిత్వమంతా కొవ్వుదే. అలాంటప్పుడు సహకారాన్ని అణువు గుణంగా రాసుకోవడం సగం నిజమే అవుతుంది.

మేనకోడలు ఒప్పుకుంటూనే, తయారీదారు గర్వాన్ని వదులుకోలేదు. వదులుకోవాల్సిన పనీ లేదు. 1988లో లియర్, వాసర్‌మన్, డిగ్రాడో చేసిన పనిని ఆమె బల్ల మీద వేలితో గీసి చూపించింది. ల్యూసిన్, సెరిన్ అనే రెండే ఎమైనో ఆమ్లాలు. ఏడేసి చొప్పున మూడుసార్లు, మొత్తం ఇరవై ఒకటి. మెలికలో ఒక్కో ఎమైనో ఆమ్లానికి 0.15 నానోమీటర్లు, కాబట్టి మొత్తం పొడవు 3 నానోమీటర్ల పైచిలుకు, సరిగ్గా పొర నడిమి భాగమంత. మెలికకు ఒకవైపు నీళ్లంటే ఇష్టపడే సెరిన్లు, మిగతా అంతా నూనెను ఇష్టపడే ల్యూసిన్లు. ఇలాంటివి కొన్ని చేరి సెరిన్ల వైపు లోపలికి తిప్పుకుంటే రంధ్రం సిద్ధం. ఏడింట మూడు సెరిన్లున్న పెప్టైడ్ అయాన్లను దాటించింది. అందులో ఒక సెరిన్ తీసి ల్యూసిన్ పెట్టగానే రంధ్రం ఇరుకై ప్రోటాన్లనే దాటనిచ్చింది. గుంపు చిన్నదైందని వారి వివరణ.

"ఒక అక్షరం మారిస్తే గుంపు మారింది, గుంపు మారితే ఎవరిని దాటనివ్వాలో మారింది. ఇది పొర చేసిన పని కాదు మామయ్యా. పొర అదే."

"దీనికి నా దగ్గర అభ్యంతరం లేదు" అన్నాడాయన. ఒక శాస్త్రవేత్త నోట ఈ మాట వినడం అరుదు కనుక ఇక్కడ రాసిపెడుతున్నాం.

రెజా ఘదీరీ 1994లో చేసిన ఉంగరాల విషయంలో మాత్రం మళ్లీ తేడా వచ్చింది. ఎనిమిది ఎమైనో ఆమ్లాలు, ఒకటి ఎడమచేతి రూపం, ఒకటి కుడిచేతి రూపం, మారుతూ వలయంగా కూర్చిన పెప్టైడ్. ఆ వలయాలు ఒకదాని మీద ఒకటి హైడ్రోజన్ బంధాలతో పేర్చుకుంటాయి. ఎనిమిదో పదో పేర్చుకుంటే పొరను దాటే గొట్టమవుతుంది, సెకనుకు కోటికి పైగా అయాన్లు పారతాయి. రూపకల్పనకు అంతకంటే అందమైన ఉదాహరణ దొరకదని మేనకోడలు. అదే కుటుంబపు వలయాలను 2001లో బ్యాక్టీరియాను చంపడానికి వాడినప్పుడు గొట్టాలు పొరలో నిలువుగా కాక దాదాపు పడుకుని, తివాచీలా పరుచుకుని పొరను పాడుచేస్తున్నట్టు ఆ బృందానికే ఆధారాలు దొరికాయని మామయ్య. ఇద్దరు చెప్పిందీ నిజమే. పేర్చుకోవడం వలయం గుణం, ఎటు తిరిగి నిలబడాలన్నది దాని పక్క గొలుసులూ పొరా కలిసి తేల్చుకున్న సంగతి.

ఇదంతా ప్రయోగశాల వాదంగా కొట్టిపారేయడానికి లేదు. ఆంఫోటెరిసిన్ బి పేరు తెలియని ఇల్లు 2021లో తెలుగునాట చాలా తక్కువ. కోవిడ్ రెండో అల తర్వాత బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి రోగులు బారులు తీరారు, ఆ ఇంజక్షన్ కోసం కుటుంబాలు ఊరూరా తిరిగాయి. 1950లలో మట్టి సూక్ష్మజీవి నుంచి తీసిన ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అది శిలీంధ్రాన్ని ఎలా చంపుతుందన్నదానికి 1970ల నుంచి పాఠ్యపుస్తకాల జవాబు: శిలీంధ్రం పొరలోని ఎర్గోస్టెరాల్ అనే స్టెరాల్‌తో కలిసి, పీపా పలకల్లా గుండ్రంగా చేరి రంధ్రం చేస్తుంది, అయాన్లు కారిపోయి కణం చస్తుంది. సహకార చానెల్‌కు చక్కని ఉదాహరణ.

"ఆ చక్కని ఉదాహరణకే ఏమైందో చెప్పు" అన్నాడు మామయ్య.

చెప్పడానికి ఆమె వెనుకాడలేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ బర్క్ బృందం ఆంఫోటెరిసిన్ నుంచి ఒకే ఒక హైడ్రాక్సిల్ తీసేసి కొత్త అణువు చేసింది. దానికి చానెల్ కట్టే శక్తి పోయింది, ఎర్గోస్టెరాల్‌ను పట్టుకునే శక్తి మాత్రం మిగిలింది. అయినా ఈస్ట్‌ను చంపింది. ఇది 2012లో. మందు అణువులు పొర బయట ఉండలుగా చేరి పొరలోని స్టెరాల్‌ను స్పాంజిలా పీల్చేస్తాయని 2014లో అదే బృందం చూపింది. చానెల్ ఉంది, అందులో అణువుల కలయికా ఉంది, కానీ ప్రధానంగా చంపుతున్నది అది కాదు. స్టెరాల్‌ను పీల్చడమే అసలు పని అని తేలాక, మన కణాల కొలెస్టరాల్‌ను వదిలి శిలీంధ్రపు ఎర్గోస్టెరాల్‌ను మాత్రం త్వరగా పీల్చే రూపాన్ని ఆ బృందం చేసి, జంతువుల్లో మూత్రపిండాలకు హాని లేదని 2023లో ప్రకటించింది. చానెల్ సిద్ధాంతాన్నే పట్టుకుని కూర్చుంటే ఆ మందు రూపకల్పనకు దారి దొరికేది కాదు.

"అయితే ఆ చానెల్ వృథా పోలేదు మామయ్యా. 2019లో అదే బృందం సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల శ్వాసనాళ కణాలను పెంచి, వాటి మీద కొద్ది మోతాదులో అదే ఆంఫోటెరిసిన్ వేసింది. ఆ రోగుల్లో సీఎఫ్‌టీఆర్ అనే చానెల్ పనిచేయదు, బైకార్బొనేట్ బయటికి రాదు, శ్వాసనాళపు తేమ ఆమ్లమవుతుంది. ఆంఫోటెరిసిన్ చానెల్ ఆ లోటు పూడ్చింది. పీహెచ్ కోలుకుంది. పోయిన ప్రోటీన్ స్థానంలో చిన్న అణువుల గుంపు నిలబడి పనిచేసింది. నేను ఈ పనిలో ఉన్నది ఇందుకే."

మామయ్య దీనికి ఎదురు చెప్పలేదు. మోతాదు గురించి ఒక్కటి అడిగాడు. సహకారం నిజమైతే మందు ఒక హద్దు దాకా ఏమీ చేయదు, హద్దు దాటగానే ఒక్కసారిగా పనిచేస్తుంది. బ్యాక్టీరియాను చంపాలంటే అది వరం. ఊపిరితిత్తుల్లో చేరాల్సిన మందుకు అది ప్రమాదం, ఎందుకంటే ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ పడక తప్పదు. ఆ హద్దు ఎక్కడుందో, పొర మారితే ఎంత జరుగుతుందో తెలియకుండా రోగి దాకా వెళ్లడానికి వీల్లేదు. మేనకోడలు తలూపింది. వారిద్దరి మధ్య మిగిలిన తేడా ఇక మాట తేడా కాదు, చేయాల్సిన ప్రయోగాల జాబితా.

కలిసే గుణం అణువుకు ఉందన్నది మేనకోడలు నిరూపించింది, ఎందరు కలవాలో పొర తేలుస్తుందన్నది మామయ్య నిరూపించాడు. హిల్ వాలు ఒక్కటే చూపించి "నాలుగు అణువులు కలిసి చానెల్ కట్టాయి" అని రాసే వాక్యాన్ని ఇద్దరూ నిలబెట్టలేకపోయారు. ఈ రంగంలోకి వస్తున్న తెలుగు విద్యార్థులకు ఒక విన్నపం. మీ అణువు పేరుతో పాటు లిపిడ్ పేరు, ఉష్ణోగ్రత, లిపిడ్‌కూ అణువుకూ ఉన్న నిష్పత్తి రాయండి. అణువు నీళ్లలో ఎంత మిగిలిందో, పొరలోకి ఎంత వెళ్లిందో కొలవండి. బుడగల పరీక్షను కనీసం రెండు మందాల పొరల్లో చేయండి. మందు వేయకముందు ఖాళీ పొర గీతను పత్రంలోనే అచ్చువేయండి. ఒక్క చానెల్ కరెంటు కొలిచే పరికరం మీ విశ్వవిద్యాలయంలో లేకపోతే, ఉన్నచోటుకి మీ అణువును చిన్న సీసాలో పట్టుకెళ్లి కొలిపించుకుని రండి.